తెల్లవారుజామున 3 గంటల నొప్పి

ఇంగ్లండులో ఇళ్లకు వెళ్లి కట్లు మార్చే నర్సుగా నేను చూసేవారిలో ఎక్కువమంది కాలి పుండ్లతో నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి అవస్థ పడుతున్న వృద్ధులు. మా ఫారంలో నొప్పికి ఒక గడి ఉంటుంది. అందులో 0 నుంచి 10 వరకు ఒక అంకె వేయాలి. చాలాకాలం ఆ అంకెను కట్టు విప్పుతూనే అడిగి రాసుకునేదాన్ని. పగటిపూట, పక్కన నర్సు ఉండగా, కుర్చీలో కూర్చున్న మనిషి చెప్పే అంకెలో రాత్రి సంగతి ఉండదని నాకు తట్టలేదు.

గుంటూరు వైపు నుంచి వచ్చి కొడుకు దగ్గర ఉంటున్న ఒక పెద్దావిడ వల్ల అది తెలిసివచ్చింది. కొడుకు ఇంగ్లీషులో చెప్పినంతసేపూ అన్నిటికీ ‘పెయిన్’ అన్న ఒక్క మాటే వినబడింది. నేను తెలుగులో అడిగేసరికి, “పగలంతా సలుపేనమ్మా, ఎట్లాగో ఓర్చుకుంటా. రాత్రి మంచం మీద కాళ్లు చాపుకుంటే పోటు మొదలవుతుంది. లేచి కాలు కిందికి వేలాడేసుకుంటేనే కాస్త నెమ్మది” అన్నారు. సిరల్లో రక్తం నిలిచిపోవడం వల్ల పుండు పడితే కాలు ఎత్తి పెట్టుకున్నప్పుడు సాధారణంగా నొప్పి తగ్గుతుంది. ధమనులు పూడుకుపోయి రక్తం అందని కాలికి మాత్రం దించితేనే ఊరట. డాప్లర్‌తో (రక్తం పారే చప్పుడును వినిపించే చిన్న పరికరం) చీలమండ దగ్గరి రక్తపోటును చేతి రక్తపోటుతో పోల్చి చూస్తే నిష్పత్తి 0.6 వచ్చింది. అది 0.8 కన్నా తక్కువగా ఉన్న కాలికి గట్టి బిగింపు కట్టు మామూలుగా కట్టకూడదు. (మధుమేహం ఉన్నవారిలో ధమనులు గట్టిపడి ఈ నిష్పత్తి ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపించవచ్చు కాబట్టి అంకె ఒక్కదాన్నే నమ్మడానికి లేదు.) ఆమెను రక్తనాళాల నిపుణుల దగ్గరికి పంపాం.

సిరల పుండ్లకు బిగింపు కట్టు కట్టడమే అసలు వైద్యం, చీలమండ దగ్గర సుమారు 40 మిల్లీమీటర్ల పాదరసం ఒత్తిడి పడేలా. మొదటి వారాల్లో అది భరించలేక కొందరు అర్ధరాత్రి కత్తెరతో కోసి తీసేస్తారు. మర్నాడు కాగితాల్లో ‘రోగి సహకరించడం లేదు’ అని పడుతుంది. నా దృష్టిలో ఆ వాక్యం నొప్పి గురించి రాసినదే, కాకపోతే తప్పును రోగి మీదికి నెట్టి రాసినది. ఇప్పుడు అలాంటివారికి తక్కువ బిగువుతో మొదలుపెట్టి పెంచుకుంటూ వెళ్తున్నాను, నొప్పి మాత్రను నేను వచ్చే వేళకు ముందే వేసుకోమంటున్నాను.

కట్టు మార్చేటప్పటి నొప్పిలో సగం మన చేతుల్లోనే ఉంటుంది. పుండు కడిగే సెలైన్‌ను గోరువెచ్చగా వాడటం, అతుక్కున్న పొరను లాగకుండా నానబెట్టడం, చచ్చిన కణజాలం తీసే ముందు లిడోకేయిన్, ప్రిలోకేయిన్ అనే తిమ్మిరి మందులు కలిసిన పూత రాసి 30 నుంచి 45 నిమిషాలు ఆగడం, వీటిలో కష్టమైన పని ఏదీ లేదు, ఆ ఆగడం తప్ప. ఆ రోజు చూడవలసిన ఇళ్లు ఇంకా ఉంటాయి కదా.

ఆ గడిలో ఇప్పుడు అంకె పక్కన వేళ కూడా రాస్తున్నాను. పెద్దావిడ పేరు మీద మొదట రాసినది ఇది: 8, తెల్లవారుజామున 3 గంటలకు, కాలు మంచం కిందికి దించి.