ఆరు సెకన్లు పోతే ఆరేళ్ళు పట్టింది

2025 ఆగస్టు 1న ఏపీ పోలీసు ఉద్యోగాల రిజల్ట్ వచ్చింది. సివిల్ కానిస్టేబుల్‌గా సెలెక్ట్ అయ్యాను. అమ్మ నా నంబరు నాలుగుసార్లు చదివించుకుని విన్నది. అప్పట్నుంచి తమ్ముళ్ళు చాలామంది "ఏ బుక్స్ చదివావన్నా" అని అడుగుతున్నారు. బుక్స్ సంగతి తర్వాత. నేను దెబ్బతిన్నది గ్రౌండులో, ముందు అది చెప్తాను.

2018 నోటిఫికేషన్‌లో ప్రిలిమ్స్ దాటాను. ఎత్తు, ఛాతీ సరిపోయాయి. 2019 ఫిబ్రవరిలో 1600 మీటర్లు. విజిల్ పడగానే మా బ్యాచ్ అంతా దూసుకెళ్ళింది, వాళ్ళతో పాటే నేనూ. మొదటి రౌండు నిమిషంన్నరలో అయిపోయింది. కాళ్ళు నేల మీద ఆనుతున్నట్టే లేదు. మూడో రౌండు మలుపులో కుడి డొక్కలో పోటు మొదలైంది. నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. డొక్క పట్టుకునే పరిగెత్తాను. మొదట్నుంచీ ఒకే తీరుగా వెనకాల వస్తున్న కుర్రాడు నన్ను దాటిపోయాడు. గీత దాటేసరికి 8 నిమిషాల 6 సెకన్లు. ఎనిమిది నిమిషాలు దాటితే ఇంక అంతే. చెస్ట్ నంబరు విప్పి ఇచ్చేసి బయటికొచ్చాను. గేటు పక్కన నాన్న అరటిపళ్ళ సంచీతో నిలబడి ఉన్నారు. నా మొహం చూసి ఏమీ అడగలేదు.

"వీడికి పరుగు రాదు" అన్నారు ఊళ్ళో. పరుగు వచ్చు, లెక్క రాలేదు. నాలుగు రౌండ్లకి ఎనిమిది నిమిషాలంటే రౌండుకి రెండు నిమిషాలు. ప్రాక్టీసులో నిమిషం యాభైకి అలవాటు పడితే చాలు. కాలేజీ గ్రౌండులో మా తమ్ముడు సెల్‌ఫోన్‌లో టైమ్ చూస్తూ నిలబడేవాడు. తొలి రౌండు నిమిషం నలభైకి వచ్చానంటే "అన్నయ్యా, తగ్గించు!" అని అరిచేవాడు. నిదానంగా మొదలుపెట్టడం నేర్చుకోవడానికే నాకు మూడు నెలలు పట్టింది.

తర్వాతి నోటిఫికేషన్ 2022లో వచ్చింది, 6,100 పోస్టులు. ప్రిలిమ్స్ 2023 జనవరి 22న రాశాం. ఫిజికల్ ఈవెంట్లు మొదలైంది 2024 డిసెంబరు 30న. దాదాపు రెండేళ్ళు! నాతో పరిగెత్తినవాళ్ళలో సగంమంది వదిలేశారు. వాళ్ళని తప్పుపట్టను, ఇంటి పరిస్థితులు అలాంటివి. కానీ నన్ను "ఇంకా ఖాళీగానే ఉన్నాడా" అన్నవాళ్ళకి ఒక్క మాట చెప్పాలి. నేను ఏ రోజూ ఖాళీగా లేను. తెల్లవారుజామున గ్రౌండు, పగలు ఎరువుల కొట్టులో లెక్కలు, రాత్రి చదువు. ఫిజికల్ డేటు వచ్చాక మొదలుపెడదాం అనుకుంటే ఒళ్ళు మాట వినదు తమ్ముళ్ళూ. అలారం ఆపేసి ఇంకో ఐదు నిమిషాలు పడుకునేవాళ్ళు ఒక్కసారి ఆలోచించుకోండి. రేపు డ్యూటీలో రాత్రి రెండింటికి ఫోన్ వస్తే లేవాల్సింది మనమే.

ఈసారి 1600 మీటర్లు 7 నిమిషాల 14 సెకన్లు. 100 మీటర్లు 15 సెకన్లలో రాలేదు, అయినా లాంగ్ జంప్ 3.80 మీటర్లు దాటాను. 1600తో పాటు ఆ రెండింట్లో ఒకటి చాలు కాబట్టి గట్టెక్కాను.

మెయిన్స్ 2025 జూన్ 1న. ఆరు నుంచి పదో తరగతి దాకా స్కూలు పుస్తకాలు, పాత పేపర్లు, రోజుకి ముప్ఫై అరిథ్మెటిక్ లెక్కలు టైమ్ పెట్టుకుని. చదివింది ఇంతే, కోచింగ్‌కి వెళ్ళలేదు.

ఇప్పుడు మా గ్రౌండులో ఐదుగురు కుర్రాళ్ళు పరిగెడుతున్నారు. ట్రైనింగ్‌కి పిలిచేదాకా టైమ్ నేను చూస్తానన్నాను. నిన్న ఒకడు తొలి రౌండు నిమిషం ముప్ఫై అయిదుకి వచ్చాడు. ఆపించి, మళ్ళీ మొదట్నుంచి పరిగెత్తించాను.