‘ఇది ఫాల్ కదా నాన్నా!’

నర్సంపేట దాటి పాకాల రోడ్డెక్కగానే కారు అద్దం దించి మా తొమ్మిదేళ్ల పిల్ల తేల్చేసిన మాట ఇది. ఫాల్ అంటే అక్కడ ఆకులు రాలే కాలం. అంతకుముందు రెండు వారాలు మిషిగన్‌లో దానికి నేనిచ్చిన ఉపన్యాసం ఒక్కటే: “మంచులోంచి తలెత్తే నాలుగు పూలు చూసి స్ప్రింగ్ అంటారు మీరు. వసంతమంటే ఏందో మా దగ్గర చూద్దువు గానీ రా.” తీరా వస్తే రోడ్డుకు రెండు పక్కలా టేకు చెట్లు బోడిగా నిలబడ్డాయి. కింద పాదం మునిగేంత ఎండాకు. వాళ్ల టీచర్ ఇచ్చిన నోటుబుక్‌లో మూడే గళ్లు: మొదటి చిగురు, మొదటి పిట్ట, మొదటి పువ్వు. రాలిన ఆకులకు గడి లేదని తనే స్కేలు పెట్టి నాలుగోది గీసుకుంది.

“నిజమే బిడ్డా” అంటే అయిపోయేది. అనలేదు. శిశిరం బాకీ కొంచెం మిగిలిందని బుకాయించాను. ఈ అడవులు ఆకు రాల్చేది చలికి కాదట, నీళ్లకు. వానల్లేని నెలల్లో ఆకు ఉంటే నీళ్లన్నీ దాని గుండా ఆవిరైపోతాయి కాబట్టి చెట్టే ఆకును వదిలించుకుంటుంది. ఈ సంగతి ఆ రాత్రి ఫోన్‌లో చదివాను. నేను పుట్టి పెరిగింది హన్మకొండలోనే.

తీగ మీద పాలపిట్ట కనపడితే “బ్లూ జే!” అని అరిచింది. ఇంకేముంది, కారు ఆపించి మరీ క్లాసు పీకాను. బ్లూ జే కాదు, పాలపిట్ట, తెలంగాణ రాష్ట్ర పక్షి, దసరా నాడు చూస్తే శుభం. ఒకప్పుడు ఇక్కడున్న ఇంగ్లిష్‌వాళ్లు కూడా దాన్ని బ్లూ జే అనే పిలిచారని తర్వాత తెలిసింది. పిల్లకు ఇంతవరకు చెప్పలేదు.

ఇంకాస్త ముందుకు పోతే ఒక చెట్టు, ఆకన్నది లేకుండా ఒళ్లంతా నిప్పు. “అది ఏం ట్రీ?” అంది.

“అడవి చెట్టు” అన్నాను.

వెనక సీట్లోంచి మా అమ్మ అందుకుంది. “అడవి చెట్టేందిరా, మోదుగు! నీ పుట్టెంట్రుకల నాడు ఊరంత తిన్న విస్తర్లు దేనియనుకున్నవ్?”

దిగి రాలిన పువ్వొకటి తీసింది పిల్ల. అడుగున నల్లటి మఖమలు లాంటి చిన్న గిన్నె, అందులోంచి కొంకిలా వంగిన నారింజ రేక. “పారెట్ నోస్” అంది. సంస్కృతంలో మోదుగును కింశుకం అంటారు, ‘ఇది చిలుకా ఏంది?’ అని. సంస్కృతం రాకుండానే అక్కడికి చేరిన పిల్లను పట్టుకుని, “ముక్కు కాదు, పెటల్” అని దిద్దాను నేను.

ఊళ్లో ఫోన్ ముట్టద్దని, చెట్లను కళ్లతో చూడాలని రూలు పెట్టింది కూడా నేనే. అందరూ పడుకున్నాక దుప్పట్లో ఫొటోలు ఎక్కించి పేర్లు వెతుక్కున్నదీ నేనే.

అసలీ రాతను సలహాగా మొదలుపెట్టాను: పిల్లల్ని డిసెంబర్‌లో కాదు, మార్చిలో తీసుకురండి, తెల్లారగట్ల ఇప్ప చెట్టు కింద నిలబెట్టండి అని. రాత్రి విచ్చిన పువ్వు తెల్లారేసరికి రాలుతుంది. చీకటి విడవకముందే జనం బుట్టలు పట్టుకుని వస్తారు. పువ్వంటే కుంకుడు గింజంత, లేత మీగడ రంగు గుండు. నలిపితే వేళ్లకు జిగట, పాకం పట్టిన వాసన. నేనొకటి ఏరి ఇస్తే “వాష్ చేశావా?” అంది. అదే చెట్టు కింద బాపమ్మ తన నోట్లో ఒకటి, దాని నోట్లో ఒకటి వేస్తే కిక్కురుమనకుండా నమిలింది. అయితే ఆ పూటంతా ఎండ, దోమలు, మధ్యాహ్నానికి దానికి తలనొప్పి. ఎవరి కోసం తీసుకొచ్చినట్టు? మిషిగన్‌లో పెరట్లో రాబిన్ పిట్ట వాలితే దానికి వసంతం వచ్చినట్టే. మోదుగు పేరు తెలియక చిన్నబోయింది నేను కదా.

తిరుగు ప్రయాణంనాడు మా అమ్మ ఎండబెట్టి ఇచ్చిన ఇప్పపువ్వు పచ్చళ్ల నడుమ దూరుస్తుంటే పిల్ల చూసింది.

“మొక్కలుంటే ఎయిర్‌పోర్టులో చెప్పాలి నాన్నా. రూల్.”

“పువ్వు మొక్కెట్లయితది?” అన్నాను, రోజూ నిజమే చెప్పాలని దానికి నూరిపోసే నోటితో. సంచీ బయటికి తీయించింది.

బదులుగా మూడో గడిలో పువ్వు బొమ్మ వేసి, కింద తెలుగులో ‘ఇపపువు’ అని రాసుకుంది. నేను అడక్కుండా అది తెలుగులో రాసిన మొదటి మాట. రెండు ఒత్తులు పెట్టమని పెన్ను అందించాను. పెట్టింది. ఆ తర్వాత పేజీలన్నీ ఇంగ్లిష్‌లోనే ఉన్నాయి.