మోరిస్ కుర్చీ బాగుచేయించిన అనుభవం

న్యూజెర్సీలో ఒక పాత ఇంటి సామాను అమ్ముతుంటే మోరిస్ కుర్చీ, అంటే వీపు వెనక్కి వాల్చుకునే పాతకాలపు చెక్క కుర్చీ, కొన్నాను. బేరం తేలిగ్గా కుదిరింది, మిత్రుడి వ్యాన్‌లో ఇంటికొచ్చింది. వీపు వెనక అడ్డకర్రను ఆపే కొయ్య చీలలు లేవు, దిండ్లు చినిగాయి. అంతకు మించి లోపం లేదు.

పాత ఫర్నిచర్ బాగుచేసే షాపుకు తీసుకెళ్లాక మొదలైంది టెన్షన్. ఇది అమ్మోనియా ఆవిరి పట్టించిన తెల్ల ఓక్ చెక్క, ఉప్పుకాగితం తగలనివ్వొద్దని ముందే చెప్పాను. ఓక్‌లో సహజంగా ఉండే టానిన్ అనే పదార్థానికి అమ్మోనియా తగిలితే ముదురు గోధుమ రంగు వస్తుంది. అది పైన వేసిన పూత కాదు, చెక్కలో పుట్టిన రంగు. ఓనరు నన్ను పూర్తిగా చెప్పనివ్వలేదు. "వాలే కుర్చీయే కావాలంటే కొత్త రిక్లైనర్ కొనుక్కో" అన్నాడు. పక్కనున్న కస్టమర్లు నవ్వారు. మొహం మాడిపోయింది. అయినా గీకకూడదని కాగితం మీద రాయించి సంతకం పెట్టించాను.

తీరా వెళ్లి చూస్తే కుర్చీ కుడి చెయ్యి పాలిపోయి ఉంది. మెషిన్ పెట్టి గీకేశారు! ఎడమ చేతి మీద పులిచారల్లాంటి గీతలు ముదురు రంగులో మెరుస్తుంటే, కుడి చెయ్యి కొత్త పలకలా ఉంది. సంతకం చూపిస్తే, "శాంపిల్ చూశాం" అన్నాడు. ఒక్క డాలరు ఇవ్వకుండా కుర్చీ తెచ్చేసుకున్నాను.

వాడు గొప్పగా చెప్పిన రిక్లైనర్లకు పూర్వీకురాలు ఈ కుర్చీయే. 1860ల్లో సస్సెక్స్‌లోని ఒక పల్లెలో ఇఫ్రాయిమ్ కోల్మన్ అనే వడ్రంగి దగ్గర వీపు వాల్చుకునే కుర్చీని ఇంగ్లండ్ డిజైనర్ విలియం మోరిస్ కంపెనీ మేనేజరు చూశాడు. దాని ఆధారంగా ఆర్కిటెక్ట్ ఫిలిప్ వెబ్ డిజైన్ చేస్తే కంపెనీ అమ్మింది. 1900 తర్వాత అమెరికాలో ఫర్నిచర్ తయారీదారు గుస్తావ్ స్టిక్లీ బరువైన ఓక్‌తో, నిటారు గీతలతో తన పద్ధతిలో చేయించాడు. పేరు మాత్రం మోరిస్‌ది! ఆలోచన వడ్రంగిది, కీర్తి కంపెనీది. నాకు ఒళ్లు మండేది అక్కడే.

చీలలు తెలిసిన వడ్రంగి చేసిచ్చాడు, దిండ్లు తోలుతో కుట్టించాను. కుర్చీకి పాడైన ఆ కుడి చేతికి ప్లాస్టిక్ గుడారం కట్టి, మాస్కు పెట్టుకుని, గ్యారేజీ తలుపులు తెరిచి నేనే అమ్మోనియా పట్టించాను. రంగు బాగానే వచ్చింది, అయినా ఎడమ దానికంటే ఒక ఛాయ తక్కువ.

ఇలాంటిది కొనేవాళ్లు ముందు న్యూజెర్సీలోని పార్సిప్పనీలో మ్యూజియంగా మారిన స్టిక్లీ ఇల్లు చూడండి. అసలు రంగు ఎలా ఉంటుందో కళ్లకు తెలుస్తుంది. షాపులో ఇచ్చే ముందు ప్రతి భాగానికీ ఫోటో తీసుకోండి. "కొత్తదానిలా చేస్తా" అన్నవాడికి ఇవ్వకండి. ఆ షాపు ఏదో అడిగిన మనవాళ్లందరికీ ఫోన్‌లో చెబుతున్నాను.