డాప్లర్‌కి వచ్చే ముందు చీటీ ఒకసారి చదవండి

మలక్‌పేట దగ్గర ఒక స్కానింగ్ సెంటర్‌లో రేడియాలజిస్టుగా పనిచేస్తున్నాను. పొద్దున్నే నేను వెళ్లేసరికి నల్గొండ, సూర్యాపేట వైపు నుంచి తొలి బస్సు పట్టుకుని వచ్చినవాళ్లు బెంచీల మీద కూర్చుని ఉంటారు. వాళ్లలో చాలామంది పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా వస్తారు. స్కానింగ్ అంటే పరగడుపునే వెళ్లాలని ఎవరో చెప్పి ఉంటారు. తీరా డాక్టరు రాసిచ్చిన చీటీ చూస్తే కాలి డాప్లర్, అంటే రక్తనాళాల్లో రక్తం ఎలా పారుతోందో అల్ట్రాసౌండ్‌తో చూసే పరీక్ష!

కాళ్లకు, చేతులకు, మెడకు చేసే డాప్లర్‌కి ఉపవాసంతో పనిలేదు. ఇడ్లీ తిని, టీ తాగి రండి. షుగర్ మాత్ర వేసుకుని ఏమీ తినకుండా బస్సెక్కిన పెద్దాయన ఇక్కడికొచ్చి చెమటలు పట్టి కూలబడితే, స్కానింగ్ సంగతి తర్వాత, ముందు గ్లూకోజ్ నీళ్లు పట్టించాలి. పరగడుపు కావాల్సింది పొట్టలోని రక్తనాళాలకు, అంటే కిడ్నీలకు, పేగులకు వెళ్లే ధమనులు చూసేటప్పుడు. పేగుల్లో గ్యాస్ ఉంటే దాని వెనక ఏముందో మాకు కనిపించదు. దానికి 6 నుంచి 8 గంటల ఖాళీ కడుపు చాలు. బీపీ మాత్ర మామూలుగా గుక్కెడు నీళ్లతో వేసుకోవచ్చు. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ ఏం చేయాలో మాత్రం ముందు రోజే మీ డాక్టరుని అడగండి.

ఇక చీటీ సంగతి. కొన్నిసార్లు దాని మీద 'కాలి డాప్లర్' అని తప్ప ఇంకేమీ ఉండదు. వీనస్ డాప్లర్ అంటే రక్తాన్ని గుండెకు తిరిగి తీసుకెళ్లే సిరలు చూడటం. ఆర్టీరియల్ అంటే గుండె నుంచి కాలికి రక్తం తెచ్చే ధమనులు. మిషన్ ఒకటే, జెల్లీ ఒకటే, కానీ పరీక్షలు వేరు. కాలు ఉన్నట్టుండి వాచిందంటే మొదట సిరలు చూస్తాం. కాస్త దూరం నడిస్తే పిక్క పట్టేసి, ఆగితే తగ్గుతోందన్నా, షుగర్ ఉన్నవాళ్లకు పాదం మీద పుండు మానడం లేదన్నా ధమనుల మీద అనుమానం. కాబట్టి చీటీ చేతికిచ్చినప్పుడే 'దేని గురించి చూపిస్తున్నారు డాక్టర్ గారూ?' అని అడిగి, అది రాయించుకోండి. నేను గదిలో మొదట అడిగేది కూడా అదే. ఈ మధ్య మోకాలి ఆపరేషన్ అయిందా, దూర ప్రయాణం చేశారా, క్యాన్సర్ మందులు వాడుతున్నారా, రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటున్నారా... ఇవన్నీ చెబితే ఎక్కడ ఎక్కువసేపు వెతకాలో నాకు తెలుస్తుంది.

సిరలో రక్తం గడ్డకట్టిందేమో చూడటం వినడానికి పెద్ద పనిలా ఉంటుంది కానీ చాలా సులువైన విషయం. గజ్జ దగ్గర మొదలుపెట్టి పిక్క దాకా, కాస్త కాస్త దూరంలో ప్రోబ్‌తో, అంటే చర్మానికి ఆనించే స్కానింగ్ పరికరంతో, నొక్కుకుంటూ వస్తాం. తెర మీద సిర నల్లటి గుండ్రంలా కనిపిస్తుంది. బాగున్న సిర నొక్కగానే కన్ను మూసినట్టు మూసుకుపోతుంది. లోపల గడ్డ ఉంటే మూసుకోదు. నొక్కినప్పుడు కొంచెం నొప్పి ఉంటుంది, ఓర్చుకోవాలి. మధ్యలో వచ్చే శబ్దం విని 'గుండె చప్పుడా మేడమ్?' అని అడుగుతారు. అది మీ కాలిలో రక్తం పారే తీరును మిషన్ శబ్దంగా మార్చి వినిపించడం. ఎక్స్-రేలా ఇందులో రేడియేషన్ ఉండదు, గర్భిణులకు కూడా చేస్తాం.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఒక్క కాలే వాచి, పిక్క నొప్పిగా ఉంటే నూనె రాసి మర్దన చేయకండి. 'నరం పట్టేసింది' అనుకుని ఇంట్లోవాళ్లు ప్రేమగా పిసుకుతారు. లోపల గడ్డ ఉంటే అది విడిపోయి ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంది. దానితో పాటు ఆయాసం, ఛాతీలో నొప్పి కూడా మొదలైతే మా సెంటర్‌కి రావద్దు, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి.

ఉబ్బిన నరాలకు, అంటే వేరికోస్‌కి, చేసే పరీక్ష నిలబెట్టి చేయాలి. పిక్క నొక్కి వదిలితే రక్తం పైకెళ్లి అక్కడే ఆగాలి. చర్మం కిందే ఉండే పైసిరల్లో అర సెకను కంటే ఎక్కువసేపు వెనక్కి జారితే, రక్తాన్ని వెనక్కి రానివ్వకుండా ఆపే కవాటాలు లీకవుతున్నట్టు. దోశలు వేసే మాస్టర్లు, టీచర్లు, ట్రాఫిక్ కానిస్టేబుళ్లు దీనికి ఎక్కువగా వస్తారు. నిలబడమంటే విసుక్కుంటారు, రోజంతా నిలబడే కదా వచ్చాం అని. నిజమే, కానీ పడుకోబెట్టి పది నిమిషాల్లో ముగించేస్తే నాకు ఆ రిపోర్టు మీద నమ్మకం ఉండదు. బిగుతు లెగ్గింగ్స్, జీన్స్ వద్దు. వదులు పైజామా అయినా, లంగా, చీర అయినా మేలు.

మంచం పట్టిన పెద్దవాళ్లకు ఇంటికొచ్చి చేయరా అని ఫోన్లొస్తాయి. గోడ మీద 'లింగ నిర్ధారణ చేయబడదు' బోర్డు చూసే ఉంటారు కదా, లింగ నిర్ధారణను నిషేధించే 1994 నాటి చట్టం ప్రకారం అల్ట్రాసౌండ్ మిషన్ ఎక్కడ వాడతామో రిజిస్టర్ చేయించాలి. చేత పట్టుకుని ఇళ్లకు తిరగడం కుదరదు.

ఫుల్ బాడీ ప్యాకేజీల్లో మెడ డాప్లర్, అంటే మెదడుకు రక్తం తీసుకెళ్లే మెడ ధమనుల పరీక్ష, కలిపి అమ్ముతున్నారు. ఏ లక్షణాలూ లేనివాళ్లకు దాన్ని మామూలు స్క్రీనింగ్‌గా చేయించవద్దని ఏ పరీక్షలు ముందుజాగ్రత్తగా చేయించాలో సలహాలిచ్చే నిపుణుల బృందం, అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్, 2021లో మళ్లీ చెప్పింది. నాదీ అదే అభిప్రాయం. ఇలా చెబితే మా మార్కెటింగ్ వాళ్లకు నచ్చదు, ఏం చేస్తాం! మాట తడబడటం, ఒక పక్క చెయ్యి పట్టు తప్పడం, ఒక కంటి చూపు కాసేపు పోయి రావడం జరిగితే మాత్రం అది వేరే కథ, అవి పక్షవాతం సూచనలు కావచ్చు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, మెడ డాప్లర్ అక్కడ వాళ్లే చేయిస్తారు.

రిపోర్టు నార్మల్ అని వచ్చినా వాపు అలాగే ఉంటే దాన్ని పక్కన పడేయకండి. పిక్కలోని చిన్న సిరల్లో గడ్డ మొదటి స్కాన్‌లో దొరక్కపోవచ్చు. అందుకే అనుమానం బలంగా ఉంటే వారం తర్వాత మళ్లీ చేయించుకోమంటాం. అప్పుడు ఈ మొదటి రిపోర్టు కూడా వెంట తీసుకురండి, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తాను.