రొసారియో జలసంధి దాటకముందే దిగిపోయాం

సియాటిల్‌కి ఉత్తరాన ఉన్న పెయిన్ ఫీల్డ్ విమానాశ్రయం నుంచి శాన్ వాన్ దీవిలోని ఫ్రైడే హార్బర్ ఊరికి క్లబ్బు వాళ్ల పాత సెస్నా 172లో, అంటే ఒకే ఇంజనున్న చిన్న విమానంలో, బయల్దేరాం. పక్క సీట్లో నర్సరావుపేట నుంచి వచ్చిన మా బావమరిది, ఒళ్లో పులిహోర డబ్బా. నవంబరు నెల. 3,000 అడుగుల పైన మబ్బులున్నాయని 2,500లోనే వెళ్తున్నాం. బయట 11 డిగ్రీలు, గాలి నిండా తేమ.

విడ్బీ దీవి పొడవునా హాయిగా సాగింది. డిసెప్షన్ పాస్ వంతెన దగ్గరికొచ్చేసరికి 2,400 దగ్గర ఉండాల్సిన ఆర్‌పీఎమ్ (ఇంజన్ తిరిగే వేగం) ముల్లు 2,250కి జారింది. థ్రాటిల్ నేను ముట్టుకోలేదు. ఇంజన్లో చిన్న వణుకు.

"బావా, ఈ సౌండ్ ఎప్పుడూ ఇలాగే ఉంటుందా?"

"ఒక్క నిమిషం ఆగు."

ఆయిల్ ప్రెషర్ బాగుంది. ఇంధనం రెండు ట్యాంకుల నుంచీ వస్తోంది. ఇక అనుమానం ఇంజన్‌కి పెట్రోలూ గాలీ కలిపి పంపే కార్బ్యురేటర్ మీదికే పోయింది. అందులో పెట్రోలు ఆవిరవుతూ వేడిని లాగేస్తుంది. లోపలి గాలి 20 డిగ్రీలకు పైగా చల్లబడి, తేమ మంచుగా పేరుకుని దారి మూస్తుంది. బయట చలి గడ్డ కట్టేంత ఉండక్కర్లేదు.

కార్బ్ హీట్ నాబ్ పూర్తిగా లాగాను. సైలెన్సర్ చుట్టూ వేడెక్కిన గాలి లోపలికి వెళ్తుంది. అసలు టెన్షన్ అప్పుడే మొదలైంది. కరిగిన నీళ్లు తాగి, పొలమారినట్టు ఇంజన్ ఇంకా గట్టిగా దగ్గింది. ముల్లు మరింత కిందికి. నాబ్ వెనక్కి నెట్టేయమని చెయ్యి పీకుతుంది, కానీ నెట్టకూడదు. పట్టుకుని కూర్చున్నాను. అర నిమిషమే అయ్యుంటుంది, నాకు మాత్రం చాలాసేపనిపించింది. తర్వాత వణుకు ఆగి ముల్లు పైకి లేచింది.

మంచే అని దాదాపు తేలినట్టే. అయినా ముందున్నది రొసారియో జలసంధి. ఇంజన్ ఆగితే ఈ విమానం వెయ్యి అడుగులకు ఒకటిన్నర నాటికల్ మైళ్లే జారగలదు. కుడివైపు అనకోర్టిస్ రన్‌వే కనిపిస్తోంది. దారి మార్చుకుంటున్నామని రేడియోలో విడ్బీ అప్రోచ్ కంట్రోలర్‌కి చెప్పి, కార్బ్ హీట్ అలాగే ఉంచి దిగాను.

నేల మీద ఇంజన్ పెంచి చూస్తే స్పార్క్ ప్లగ్గులకు కరెంటిచ్చే మ్యాగ్నెటోలు రెండూ బాగానే ఉన్నాయి. ఫోన్లో క్లబ్ ఇన్‌స్ట్రక్టర్ కూడా మంచనే అన్నాడు, కానీ మెకానిక్ చూశాకే ఎగరమన్నాడు. మర్నాడు మెకానిక్‌కి లోపమేమీ దొరకలేదు.

ఆ రోజు ఫ్రైడే హార్బర్‌కి అనకోర్టిస్ నుంచి ఫెర్రీలో వెళ్లాం. పులిహోర డబ్బా అక్కడ తెరుచుకుంది. "దీనికి ఇంజన్లు ఎన్ని బావా?" అనడిగాడు, మొదటి ముద్ద నోట్లో పెట్టుకునే ముందు.