నా పేరుకు నేనే రాసుకున్న కార్డుముక్క

టోక్యోలో నా మొదటి అద్దెగదిలో రెండేళ్ళపాటు మంచం లేదు. కొనే స్తోమత లేక కాదు. విదేశీయులు ఇక్కడ ఉండటానికి ఇచ్చే రెసిడెన్స్ కార్డు ఒకటుంది, నా కార్డు మీద ఏడాదికే గడువుంది. వచ్చే ఏడాది ఈ ఊళ్ళో ఉంటానో లేదో తెలియనివాడు మంచం కొని ఏం చేసుకుంటాడు? పైగా ఇక్కడ మంచం కొనడం కంటే వదిలించుకోవడం కష్టం. పెద్ద సామాను పారేయాలంటే ముందుగా చెప్పి తేదీ తీసుకోవాలి, డబ్బు కట్టి స్టిక్కర్ కొని దాని మీద అంటించాలి. అందుకని నేల మీదే పరుపు వేసుకుని, పొద్దున్నే చుట్టి గోడకి ఆనించేవాణ్ణి. ఎవరైనా వస్తే "ఇక్కడి పద్ధతి ఇదేగా" అని తప్పించుకునేవాణ్ణి.

వర్క్ పర్మిట్ అని మనం అంటాం గానీ, జపాన్‌లో ఆ పేరుతో ఒక్క కాయితం అంటూ ఉండదు. ముందు సీఓఈ (సర్టిఫికెట్ ఆఫ్ ఎలిజిబిలిటీ) రావాలి. ఫలానా మనిషి ఫలానా పనికి అర్హుడే అని ఇమిగ్రేషన్ వాళ్ళు ఇచ్చే పత్రం అది. మనం అక్కడ ఉండం కాబట్టి మన తరఫున కంపెనీయే అప్లై చేస్తుంది. నెల నుంచి మూడు నెలలు అంటారు. అది చూపిస్తే ఎంబసీ పాస్‌పోర్టులో వీసా అంటిస్తుంది. ఆ వీసా గుమ్మం దాటడానికే, ఒక్కసారికే. సీఓఈ మీదున్న తేదీ నుంచి మూడు నెలల్లోపు దేశంలో అడుగు పెట్టకపోతే మొత్తం మళ్ళీ మొదటికే. దిగాక ఇచ్చే రెసిడెన్స్ కార్డే అసలు సంగతి. ఏ పని చేసుకోవచ్చో, ఎన్నాళ్ళు ఉండొచ్చో రెండూ దాని మీదే ఉంటాయి.

నాది 'గిజిన్కోకు' అనే కోవ. ఇంజనీర్లు, అనువాదకులు, ఆఫీసు ఉద్యోగులు చాలామంది ఇందులోకే వస్తారు. ఈ కార్డు పెట్టుకుని హోటల్లో వంట చేస్తానంటే కుదరదు. పనికి సంబంధించిన డిగ్రీ ఉండాలి, లేదంటే పదేళ్ళ అనుభవం చూపించాలి.

డిగ్రీ నాకుంది. చిక్కు వచ్చింది పేరు దగ్గర. పట్టాలో ఇంటిపేరు ఒక పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు. పాత ఉద్యోగం లెటర్‌లో అసలు ఇంటిపేరే లేదు. కంపెనీ హెచ్చార్ ఆవిడ చాలా మర్యాదగా మెయిల్ పెట్టింది: "ఈ ముగ్గురూ ఒకరేనా?" ఒకరేనని, ఇంటిపేరంటే ఏమిటో, దాన్ని పొడి అక్షరంగా ఎందుకు రాస్తామో వివరిస్తూ ఒక పేజీ రాసి సంతకం పెట్టి పంపాను. మా నాన్న పేరు ఇందులో ఎక్కడా ఎందుకు లేదని ఇంకో మెయిల్. దానికి ఇంకో పేజీ. వెళ్ళబోయేవాళ్ళెవరైనా నన్ను సలహా అడిగితే నేను మొదట చెప్పేది భాష నేర్చుకోమని కాదు, అన్ని కాయితాల్లో పేరు ఒక్కలా ఉందో లేదో చూసుకోమని.

2016 ఫిబ్రవరిలో సీఓఈ కొరియర్‌లో వచ్చింది. అప్పుడది ఫొటో అంటించిన కాయితమే. 2023 నుంచి ఈమెయిల్‌లో కూడా ఇస్తున్నారు. గడువు దగ్గర '1' అనే అంకె ఒక్కటే నాకు అర్థమైంది. మా అమ్మకి ఫోన్ చేశాను.

"ఎన్నేళ్ళకిచ్చార్రా?"

"ఏడాదికమ్మా."

"అదేంటి, ఏడాదేనా? నువ్వేమైనా తప్పు రాశావా?"

తప్పేం కాదు. ఈ కోవలో ఇచ్చేవి అయిదేళ్ళు, మూడేళ్ళు, ఏడాది, మూడు నెలలు. ఎవరికి ఎంతన్నది వాళ్ళ ఇష్టం, కారణం చెప్పరు. కంపెనీలను నాలుగు వర్గాలుగా చూస్తారు. స్టాక్ మార్కెట్లో ఉన్న పెద్ద కంపెనీలది మొదటి వర్గం, వాటికి కాయితాలూ తక్కువే. నిన్నగాక మొన్న పెట్టిన చిన్న కంపెనీలది నాలుగోది. మాది చిన్నదే. చిన్న కంపెనీలో చేరిన కొత్తవాడికి ఏడాదే వస్తుందని తర్వాత ఆఫీసులో అందరూ తేలిగ్గా చెప్పారు. ఆ రోజు మా అమ్మకి చెప్పడానికి మాత్రం నా దగ్గర ఏమీ లేదు.

ఏప్రిల్‌లో నరిటా ఎయిర్‌పోర్టులో దిగితే కౌంటర్ దగ్గరే కార్డు అచ్చేసి ఇచ్చారు. కింద పెద్ద అక్షరాలతో ఒక తేదీ, ఆ రోజు దాకానే ఈ కార్డు చెల్లుతుందని. ఇల్లు కుదిరాక పద్నాలుగు రోజుల్లోపు వార్డు ఆఫీసుకు వెళ్తే వెనకవైపు అడ్రసు వేసిచ్చారు. పదహారేళ్ళు నిండిన విదేశీయుడెవరైనా దీన్ని ఎప్పుడూ వెంట ఉంచుకోవాలి. లేకుండా దొరికితే రెండు లక్షల యెన్‌ల దాకా జరిమానా. కింద దుకాణానికి వెళ్ళినా జేబు తడుముకునే అలవాటు నాకు ఇప్పటికీ పోలేదు.

ఏడాది గడువంటే ఏడాది అనుకుంటాం. గడువుకి మూడు నెలల ముందు నుంచే రెన్యూవల్‌కి అప్లై చేసుకోవచ్చు, చేసుకుంటాం కూడా. అంటే నిశ్చింతగా ఉండేది తొమ్మిది నెలలే. ఆ తొమ్మిదిలోనూ సగం పనులకి ఈ తేదీయే అడ్డం. ఫోన్ ఇరవై నాలుగు వాయిదాల మీద కొందామని వెళ్తే, షాపు అబ్బాయి కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, గడువు సరిపోదని తలవంచి సారీ చెప్పాడు. నేనూ తలవంచి పాత ఫోన్‌తోనే బయటికొచ్చాను.

మొదటి రెన్యూవల్‌కి వార్డు ఆఫీసుకెళ్ళి పన్ను సర్టిఫికెట్ అడిగాను. అక్కడి పెద్దాయన కంప్యూటర్లో వెతికి, మీ పేరు మీద ఏమీ లేదన్నాడు. గుండె గుభేల్‌మంది. సంగతేమిటంటే ఇక్కడి నివాస పన్ను జనవరి 1న ఎక్కడున్నామో అక్కడ, అంతకుముందు ఏడాది సంపాదన మీద పడుతుంది. 2016 జనవరిలో నేనిక్కడ లేను. కాబట్టి పన్నూ లేదు, సర్టిఫికెట్టూ లేదు. దాని బదులు కంపెనీ ఇచ్చిన జీతం కాయితం పెట్టాం. (రెండో ఏడాది జూన్‌లో ఆ పన్ను మొదలై జీతం ఒక్కసారిగా తగ్గింది. ఆఫీసువాళ్ళు తప్పు చేశారనుకుని గొడవ పెట్టుకోబోయాను.)

షినగావా స్టేషన్‌లో దిగి కోనన్ వైపు బయటికొచ్చి బస్సెక్కితే ఇమిగ్రేషన్ ఆఫీసు. అందరూ న్యూకాన్ అంటారు. తొమ్మిదింటికి కౌంటర్లు తెరుస్తారు, నేను ఎనిమిదిన్నరకే వెళ్ళాను. అప్పటికే లైను మలుపు తిరిగింది. చంటిపిల్లలు, సూట్లు, హెల్మెట్లు, ఎన్ని దేశాలో! అందరి చేతుల్లోనూ ఒకేలాంటి ప్లాస్టిక్ ఫోల్డర్లు. రెండో అంతస్తులో నా నంబరు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. కార్డు వెనక చిన్న గడిలో అప్లికేషన్ నడుస్తోందని ముద్ర వేశారు. ఆ ముద్ర ఉంటే గడువు దాటినా జవాబు వచ్చేదాకా, ఎక్కువలో ఎక్కువ రెండు నెలలు, ఉండొచ్చు, పని చేసుకోవచ్చు.

తర్వాత కౌంటర్లో అమ్మాయి ఒక ఖాళీ కార్డుముక్క నా ముందుకు జరిపింది. మీ అడ్రసు, మీ పేరు మీరే రాయండి అంది. జవాబు తయారవగానే ఈ కార్డుముక్కే మీకు పోస్టులో వస్తుందట. పేరు రాసే చోట చివర 'సామా' అని అచ్చేసి ఉంది, అంటే మన 'గారు'. నాకు నేనే గారు తగిలించుకుని ఉత్తరం రాసుకోవడం అదే మొదటిసారి. నా జపనీసు అక్షరాలు చూసి పోస్టుమాన్ వేరే ఇంట్లో వేస్తాడేమోనని ఇంగ్లీషులో కూడా రాశాను.

ఆ నెల రోజులూ ఆఫీసు నుంచి రాగానే చెప్పులు విప్పకముందే పోస్టు డబ్బా తెరిచేవాణ్ణి. పిజ్జా కరపత్రాలు, నీళ్ళ బిల్లు. ఒక సాయంత్రం వాటి మధ్యలో నా చేతిరాత. ఎవరో తెలిసినవాళ్ళు రాశారే అనుకున్నాను ఒక్క క్షణం.

ఆఫీసులో ఒక అన్నయ్య ముందే చెప్పి ఉంచాడు: "రెవెన్యూ స్టాంపు తెమ్మని ఉందా చూడు తమ్ముడూ. స్టాంపు అడిగారంటే ఇచ్చినట్టే. తిరస్కరించేవాడు నీ డబ్బెందుకు అడుగుతాడు?" ఉంది, 4,000 యెన్. అప్పటి ఫీజు అది, 2025 ఏప్రిల్ నుంచి 6,000 అయింది. మళ్ళీ షినగావా, మళ్ళీ లైను, కింది అంతస్తు దుకాణంలో స్టాంపు కొని అంటించి ఇచ్చాను. పాత కార్డుకి చిల్లు కొట్టి వెనక్కిచ్చారు. కొత్తదాని మీద మళ్ళీ ఏడాది!

ఈసారి మా అమ్మకి మూడు రోజుల దాకా చెప్పలేదు.

ఆ ఏడాది వేసవిలో మా ఆవిడ డిపెండెంట్‌గా వచ్చింది. తన గడువూ నా గడువుకే ముడి. విడిగా అనుమతి తీసుకుంటే వారానికి 28 గంటలు పని చేసుకోవచ్చు. పెళ్ళికి ముందు తనది నాకంటే మంచి ఉద్యోగం. ఆ 28 గంటల గురించి తను ఎప్పుడూ ఏమీ అనలేదు, నేనూ కదపలేదు. 2018లో ఇద్దరం పక్కపక్కన కూర్చుని రెండు కార్డుముక్కలు రాసుకున్నాం. తన రాత నాకంటే బాగుంది. తిరిగొస్తూ షినగావా స్టేషన్‌లో ఆగింది.

"ఏవండీ, ఇవాళ మంచం కొనేద్దాం."

"జవాబు రానీ. నెల రోజులేగా."

"రెండేళ్ళ నుంచీ ఆ నెల రోజులే చెప్తున్నారట, మీ అన్నయ్యగారు చెప్పారు. నా నడుం వల్ల కాదు."

మంచం ఆదివారం వచ్చింది. కార్డుముక్కలు మూడు వారాల తర్వాత వచ్చాయి. కౌంటర్లో కొత్త కార్డు చేతిలో పెడితే ముందు గడువు చూశాను. మూడు. మా ఆవిడ మాత్రం ముందు ఫొటో చూసుకుని, ఇంకోటి దిగాల్సిందంది.

ఇప్పుడు ఆన్‌లైన్‌లోనూ అప్లై చేయొచ్చు, ఈ లైన్లూ కార్డుముక్కలూ కొంత తగ్గాయి. మా టీంలో కొత్తగా చేరిన కుర్రాడు మాత్రం షినగావాకే వెళ్ళొచ్చాడు. మొన్న రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేశాడు.

"అన్నా, కార్డు వచ్చింది. నేను రాసిందే. అంతా జపనీసే, ఏముందో అర్థం కావట్లేదు."

"స్టాంపు గడిలో టిక్కుందా?"

"ఉండన్నా, చూస్తా... ఉంది."

"అయితే ఇచ్చినట్టే. పాస్‌పోర్టు మర్చిపోకుండా తీసుకెళ్ళు."

"ఎన్నేళ్ళిచ్చారో ఎక్కడుంటుందన్నా?"

"దాంట్లో ఉండదు. అక్కడికెళ్ళాకే."