ఫ్యాన్లు, ఏసీ, సోలార్: మా ఇంట్లో దేనికి పెట్టిన డబ్బులు తిరిగొస్తున్నాయి

మే నెలలో మా ఇంటి మీటరు 380 యూనిట్ల దాకా తిరిగేది. డిసెంబరులో 210. తిరుపతి ఎండ తెలిసినవాళ్ళకు కారణం చెప్పక్కర్లేదు. ఫైవ్ స్టార్ ఏసీ పెట్టుకో, సోలార్ పెట్టుకో అని సలహా ఇచ్చేవాళ్ళకు కొదవలేదు. ఎంత పెడితే ఎన్నేళ్ళకు తిరిగొస్తుందంటే మాత్రం అందరూ "చాలా ఆదా అవుతుంది" అంటారు. ఆ "చాలా" ఎంతో తేల్చుకుందామని పాత బిల్లులన్నీ తీసి లెక్క వేశాను.

ముందు స్లాబుల సంగతి చెప్పాలి. మన రాష్ట్రంలో ఇళ్ళకు మొదటి 30 యూనిట్లు రూపాయి 90 పైసల చొప్పున. 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6, 400 వరకు 8.75, ఆపైన 9.75. ఏ స్లాబు యూనిట్లకు ఆ రేటే పడుతుంది. కాబట్టి వాడకం తగ్గిస్తే ముందు తగ్గేది పైన ఉన్న ఖరీదైన యూనిట్లే. మాకు మేలో ఒక యూనిట్ తగ్గితే 8.75 మిగులుతుంది, డిసెంబరులో తగ్గితే 6 రూపాయలే. నెలకు 100 యూనిట్లు వాడే ఇంట్లో అదే యూనిట్ విలువ 4.50. అందుకే పక్కింటివాళ్ళకు కలిసొచ్చింది మనకూ కలిసి రావాలని ఏమీ లేదు.

ఇంకో మాట. బిల్లు తగ్గిందో లేదో రూపాయల్లో చూస్తే ఏమీ అర్థం కాదు. ఎప్పుడో వాడిన యూనిట్లకు సర్దుబాటు చార్జీ ఇప్పటి బిల్లులో కలుస్తుంది. వాడకం తగ్గినా మొత్తం అంతే కనిపించి నీరసం వస్తుంది. నేను యూనిట్లు మాత్రమే రాసుకుంటూ వచ్చాను.

మొదట మార్చింది ఫ్యాన్లు. పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్లు తీసుకుంటుంది, బీఎల్‌డీసీ ఫ్యాను (తక్కువ కరెంటుతో నడిచే కొత్తరకం మోటారుది) ఫుల్ స్పీడులో 30 వాట్లకు కాస్త అటూ ఇటూ. హాల్లో, రెండు పడగ్గదుల్లో కలిపి మూడు ఫ్యాన్లు రోజుకు పన్నెండు, పదమూడు గంటలు తిరుగుతాయి. నెలకు 50 యూనిట్ల తేడా. వంటింటి పక్క గదిలో ఫ్యాను రోజుకో గంట కూడా తిరగదు, దాన్ని మార్చలేదు. మూడింటికీ కలిపి తొమ్మిది వేల చిల్లర అయింది. చలికాలంలో తక్కువ తిరుగుతాయి కాబట్టి అదీ లెక్కలో తీసేస్తే, రెండున్నర మూడేళ్ళలో పెట్టిన డబ్బు వచ్చేస్తుంది.

బిగించడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్, "అక్కా, గోడ రెగ్యులేటర్ తీసేసి డైరెక్టుగా ఇస్తా. దానిమీద నడిపితే లోపలి బోర్డు పాడైపోతుంది" అన్నాడు. అంతవరకూ బాగానే ఉంది. స్పీడు మార్చాలంటే ఇక రిమోటే దిక్కు. మా అత్తకు అది అస్సలు నచ్చలేదు. "ఫ్యాను తిప్పుకోవడానికి కూడా దిండు కింద వెతుక్కోవాలా? ఏంది ఈ ఖర్మ!" అని ఇప్పటికీ అంటూనే ఉంటుంది. ముసలివాళ్ళున్న ఇంట్లో దీనికీ ఒక విలువ కట్టుకోవాలి.

ఏసీ దగ్గర లెక్క తిరగబడింది. మాది త్రీ స్టార్, ఒకటిన్నర టన్ను. ఎక్స్‌ఛేంజిలో ఇచ్చేసి ఫైవ్ స్టార్ తీసుకోమని షాపులో గట్టిగానే చెప్పారు. ఏసీ మీద అంటించే లేబుల్లో ఏడాదికి ఎన్ని యూనిట్లో ఉంటుంది. కానీ అది 1600 గంటలు నడిపితే అయ్యే లెక్క. మేము చూసిన త్రీ స్టార్‌కూ ఫైవ్ స్టార్‌కూ మధ్య తేడా సుమారు 230 యూనిట్లు. మేము ఏసీ వేసేది ఏప్రిల్ నుంచి జూన్ దాకా, అదీ రాత్రిళ్ళు. మొత్తం 700 గంటలు. అంటే మాకు మిగిలేది 100 యూనిట్లు, ఏడాదికి 875 రూపాయలు. దానికోసం బాగా పనిచేస్తున్న ఏసీ తీసేసి నలభై వేలకు పైగా పెట్టడం దండగ. పగలంతా ఏసీ నడిపే ఇల్లయితే వేరే విషయం.

అదే వేసవిలో మిద్దె మీద తెల్ల పూత వేయించాం. దీన్ని రూపాయల్లో చెప్పలేను. పైకప్పు వేడి దిగడం తగ్గి, రాత్రి ఏసీ కాస్త ఆలస్యంగా వేస్తున్నాం. నవంబరు వానలకు పూత పలచబడుతుంది, మళ్ళీ వేయించాల్సిందే.

ఇక సోలార్. ఇంటి మిద్దె మీద సోలార్‌కు కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకంలో ఒక కిలోవాట్‌కు 30 వేలు, రెండింటికి 60 వేలు, మూడు లేదా అంతకు మించి ఎంత పెట్టినా 78 వేలు సబ్సిడీ. మీటరు మామగారి పేరు మీదే ఉండిపోయింది. ఆయన పోయి చాలా కాలమైంది. ముందు పేరు మార్పించుకుని, ఆ తర్వాతే దరఖాస్తు పెట్టాం. మీటరు, ఆధార్, బ్యాంకు ఖాతా మూడింటిలో పేరు ఒకేలా ఉందో లేదో మొదటే చూసుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది. మన దేశంలో తయారైన సెల్స్‌తో చేసిన ప్యానెళ్ళకే సబ్సిడీ వర్తిస్తుంది, కొటేషన్‌లో ఆ మాట రాయించుకోవాలి. డబ్బు మొత్తం ముందు మనమే కట్టాలి, పని పూర్తయి నెట్ మీటరు (మనం లైనుకిచ్చిన యూనిట్లను వాడినవాటిలోంచి తీసేసే మీటరు) పెట్టాక సబ్సిడీ ఖాతాలో పడుతుంది.

పెట్టేవాళ్ళు మూడు కిలోవాట్లు పెట్టుకోమన్నారు. ఇక్కడ కిలోవాట్‌కు రోజుకు సగటున నాలుగు యూనిట్లు వస్తాయి. రెండు కిలోవాట్లకు నెలకు 240. ఫ్యాన్లు మార్చాక మా సగటు వాడకం 240కి లోపే. మూడోది ఎవరి కోసం? రెండే పెట్టించాం. లక్షా 30 వేలలో సబ్సిడీ పోను 70 వేలు మా చేతి నుంచి పడింది. ఏడాదికి పన్నెండు వేల దాకా మిగులుతుంది, అంటే ఆరేళ్ళు.

ఇక్కడే ఒక తిరకాసు ఉంది. ఫ్యాన్లు మార్చకుండా ఇదే సోలార్ పెట్టుంటే నాలుగేళ్ళకే డబ్బు వచ్చినట్టు కనిపించేది, ఎందుకంటే 8.75 రూపాయల యూనిట్లు కూడా దాని ఖాతాలోకే పోయేవి. అదే సోలార్ పెట్టాక ఫ్యాన్లు మార్చుంటే, అప్పటికి బిల్లులో మిగిలేవి కింది స్లాబుల చవక యూనిట్లే కాబట్టి, వాటివల్ల నెలకు వంద రూపాయలు కూడా మిగిలేవి కావు. అమ్మేవాళ్ళు దేనికదే పై స్లాబు రేటు వేసి, రెండూ కలిపి ఇంత ఆదా అని చెప్తారు. ఒకే యూనిట్‌ను రెండుసార్లు మిగల్చలేం కదా!

కరెంటు పోతే ఈ సోలార్ కూడా ఆగిపోతుందని చాలామందికి తెలియదు. బ్యాటరీ లేని సిస్టం లైన్లో కరెంటు లేనప్పుడు తనంతట తానే ఆగుతుంది, లేకపోతే స్తంభం మీద పనిచేసే మనిషికి ప్రమాదం. ఇన్వర్టర్ వేరే ఉండాల్సిందే. ప్యానెళ్ళ దుమ్ము కడగడం మన పనే. కోతులు ఎక్కి కూర్చోవడం తిరుపతి స్పెషల్, దానికి సబ్సిడీ ఏమీ లేదు.

చిత్తూరులో ఉండే మా చెల్లెలు తనూ సోలార్ పెట్టిస్తానంది. బిల్లు ఫోటో పంపమన్నాను. నెలకు 120 యూనిట్లు, వాడకం చార్జీ నాలుగు వందల లోపు. ఒక కిలోవాట్ పెట్టినా చాలా ఏళ్ళు ఆగాలి, వద్దన్నాను. హాల్లో గరగరలాడుతున్న పాత ఫ్యాను ఒక్కటి మార్చుకుంది.